పసిబిడ్డ తల్లిని ఒంటరిగా వదలకండి



పోయిన ఆదివారం సెలవు రోజున మా రూములో నలుగురం కలిసి ‘మిసెస్ ఛటర్జీ వర్సెస్ నార్వే’ సినిమా చూశాం. 2023లో వచ్చిన హిందీ సినిమా. రాణీ ముఖర్జీ తల్లి వేషం వేసింది. మీలో చాలామంది చూసే ఉంటారు.

నిజంగా జరిగిన సంగతి మీద తీశారు. భర్తతో నార్వే వెళ్లిన బెంగాలీ అమ్మాయి, ఇద్దరు పసిపిల్లలు. 2011లో అక్కడి పిల్లల సంరక్షణ శాఖ వాళ్లు పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. చేత్తో అన్నం తినిపించడం, పక్కలో పడుకోబెట్టుకోవడం కూడా తప్పు అన్నారని తల్లిదండ్రులు చెప్పారు. నార్వే రాయబారి మాత్రం, అలాంటి వాటికి మేం పిల్లల్ని తీసుకోం, సినిమా సరిగ్గా చూపలేదు అన్నారు. చివరికి 2013లో కలకత్తా హైకోర్టు తీర్పుతో పిల్లలు తల్లి దగ్గరికి చేరారు.

సినిమా అయ్యాక మావాళ్లు ఆ దేశాన్ని తిట్టారు. నాకు మాత్రం సినిమాలో ఆ భర్తే కళ్లముందు తిరిగాడు. భార్య ఏడుస్తుంటే అతనికి సిటిజన్‌షిప్ గొడవ. అతనిలో నన్ను నేనే చూసుకున్నాను.

నేను ఇంటిదాన్ని షార్జా తెచ్చినప్పుడు బాబుకి ఎనిమిది నెలలు. షేరింగ్ ఫ్లాట్‌లో ఒక్క గది. తెల్లారి నాలుగున్నరకి నా బస్సు, రాత్రి ఏడున్నరకి ఇల్లు. ఒకరోజు బాబుకి జ్వరం వచ్చింది. ఆమె పదకొండుసార్లు ఫోన్ చేసింది. స్లాబ్ కాంక్రీటు నడుస్తోందని నేను ఎత్తలేదు. భాష రాక, ఎటు పోవాలో తెలియక, రోజంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. నేను వచ్చి, "ఈ మాత్రం చేసుకోలేవా?" అని అరిచాను. క్లినిక్ దారి ఒక్కసారి కూడా నేను చూపించలేదు, ఆమెకెలా తెలుస్తుంది? ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

అందుకే ఫ్యామిలీని తెచ్చుకున్న తమ్ముళ్లకు చెప్తున్నాను. వచ్చిన మొదటి వారమే క్లినిక్ దారి, మందుల షాపు చూపించండి. అంబులెన్స్ 998, పోలీసు 999 అని గోడ మీద రాసి పెట్టండి. మీ బిల్డింగు పేరు, ఫ్లాట్ నంబరు ఆమెకు నోటికి రావాలి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టవద్దని చెప్పండి.

ఇక్కడే బిడ్డ పుడితే కాగితాలు వాయిదా వేయకండి. బర్త్ సర్టిఫికెట్ తీసుకుని, సంవత్సరం లోపు మన కాన్సులేట్‌లో పుట్టుక రిజిస్టరు చేయించాలి. అది దాటితే ఢిల్లీ నుంచి అనుమతి కావాలి. పాస్‌పోర్టు తీసుకుని, 120 రోజుల లోపు బిడ్డకు వీసా కొట్టించాలి. "వచ్చే నెల జీతం రానీ" అనుకుంటే, ఊళ్లో అత్యవసరం వచ్చిన రోజు బిడ్డను తీసుకుని విమానం ఎక్కలేరు. కష్టం వస్తే దుబాయ్‌లో మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. టోల్ ఫ్రీ నంబరు 800 46342.

బ్యాచిలర్ రూముల్లో ఉన్నవాళ్లు ఇది మనకెందుకు అనుకోవద్దు. మీ బిల్డింగులో మనవాళ్ల ఇంట్లోకి కొత్తగా పసిబిడ్డ తల్లి వచ్చిందా? ఆమె భర్తతో మాట్లాడి, గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. మన ఆడవాళ్లు వెళ్లి పలకరిస్తారు. తెలుగులో "బాగున్నావా అమ్మా" అని అడిగే మనిషి ఒక్కరుంటే ఆమెకు సగం భయం పోతుంది.