చల్లబడిన అగ్ని: ఉర్దూ కవితలో పుణ్యకథలు

తెలుగువాడు రోజూ మాట్లాడే మాటల్లో ఎన్ని పురాణాలు దాగి ఉన్నాయో అతనికే తెలియదు. కష్టసాధ్యమైన పనిని భగీరథ ప్రయత్నమంటాడు. అడ్డుపడినవాడిని సైంధవుడంటాడు. ఎంత లేపినా లేవనివాడిని కుంభకర్ణుడంటాడు. ఒక్క పేరు చాలు, దాని వెనుక ఉన్న కథ అంతా వినేవారి మనసులో తనంత తానే విప్పుకుంటుంది. కథ తెలియనివారికి మాత్రం ఆ పేరు చెవిటివాని ముందు ఊదిన శంఖమే.

ఉర్దూ కవులదీ ఇదే ఒడుపు. రెండు పాదాల షేర్‌లో కథ చెప్పడానికి తావెక్కడిది? మూసా అనో, యూసుఫ్ అనో, ఫర్హాద్ అనో ఒక పేరు పలికి ఊరుకుంటారు. ఈ ప్రయోగాన్ని ఆ భాషలోని లాక్షణికులు ‘తల్మీహ్’ అంటారు. మన ఇళ్లలో గజళ్లు విని ఆనందించేవారు తక్కువేమీ కాదు. రాగానికి తల ఊపుతారు, గాయకుని గొంతును మెచ్చుకుంటారు. ఆ పేరు వచ్చిన చోట మాత్రం అర్థం చేజారిపోతుంది.

భక్తి పుటలో ఉర్దూ ప్రసక్తి ఏమిటని పాఠక మహాశయులు సందేహించవచ్చు. ప్రవచనం నడుమ గాలిబ్ పేరు ఎత్తినప్పుడల్లా మా గోదావరిఖనిలోనూ ఎవరో ఒకరు, “అయ్యగారూ, గుడిలో ఆ ముచ్చటెందుకు?” అని అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు, సమాధానం చెప్పవలసిన బాధ్యత నాది. ఉర్దూ కవితలోని పుణ్యకథలను ఆస్తికులు తెలుసుకోవాలని, వాటిని వాటి పేర్లతోనే, వాటి రూపంలోనే తెలుసుకోవాలని నా అభిప్రాయం. పరాయివని తోసివేయడం ఎంత తప్పో, మన పురాణాల తొడుగు వేసి మనవే అనిపించుకోవడం కూడా అంతే తప్పు.

మన పెద్దలకు ఈ సందేహం కలగలేదు. నిజాం రాజ్యంలో 1884 నుంచి ఉర్దూ పాలనాభాష. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన సైతం ఆ భాషలోనే సాగింది. మాకు పొరుగున ఉన్న మంథని వేదవిద్యకు పెట్టింది పేరు. అటువంటి ఊళ్లలో తెల్లవారుజామున స్వాధ్యాయం ముగించుకున్న పండితుడే పగలు కచేరీకి వెళ్లి ఉర్దూలో అర్జీ రాసేవాడు. 1957 నుంచి 1977 వరకు మంథనికి శాసనసభలో ప్రాతినిధ్యం వహించిన పీవీ నరసింహారావుగారి ఉర్దూ పరిజ్ఞానం లోకవిదితం. హనుమాజీపేటలో పుట్టిన సినారె ఉర్దూ మాధ్యమంలో చదువుకొని తెలుగులో గజళ్లు రాశారు. వైష్ణవ కుటుంబంలో పెరిగిన దాశరథి కృష్ణమాచార్యులు 1961లో ‘గాలిబ్ గీతాలు’ మన చేతికిచ్చారు. గోదావరి ఆవలి ఒడ్డున ఆదిలాబాద్ సీమలో సామల సదాశివ ఉర్దూ సాహిత్య చరిత్ర రాసి, అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగు చేశారు. 2012లో సదాశివ, 2017లో సినారె కాలధర్మం చెందారు. ఫికరు, పరేషాను, దునియా వంటి మాటలు మా నోళ్లలో మిగిలాయి. వాటి వెంట వచ్చిన కథలు మిగలలేదు.

అమ్జద్ పేరు వచ్చింది గనుక ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. వరద అనగానే ఉర్దూ కవికి నూహ్ ప్రవక్త కాలంనాటి జలప్రళయం గుర్తుకు వస్తుంది, మనకు మత్స్యావతార కథలో సత్యవ్రతుని నావ గుర్తుకు వచ్చినట్లు. అమ్జద్‌కు వరద ఉపమానంగా రాలేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఆయన తల్లి, భార్య, కూతురు ఆ నీటిలో కొట్టుకుపోయారు, ఆయన ఒక్కడే బతికాడు. ఆధ్యాత్మిక రుబాయీలకు ప్రసిద్ధుడైన ఆ కవిని చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

ఇక ఫర్హాద్ సంగతి. మా బొగ్గుబాయిల సీమలో అందరికన్నా ముందు తెలియవలసిన కథ ఇదే. పన్నెండవ శతాబ్దంలో నిజామీ అనే పారశీక మహాకవి కావ్యంలో స్థిరపడిన ఈ కథ ఉర్దూలోకి ప్రవహించింది. ఖుస్రో రాజు కోరుకున్న షీరీన్‌ను ఫర్హాద్ అనే శిల్పి కూడా ప్రేమిస్తాడు. బేసుతూన్ కొండను తొలిచితే ఆమె నీదేనని రాజు పందెం పెడతాడు. ఆ కొండ నుంచి పాల కాలువ తెమ్మన్నట్లు ఉర్దూ కవులు చెప్పుకుంటారు. ఫర్హాద్ ఒంటరిగా, ఒక్క పనిముట్టుతో కొండను తొలుస్తాడు. పని నెరవేరబోతున్నదని తెలిసి, షీరీన్ మరణించిందని రాజు అబద్ధపు కబురు పంపిస్తాడు. అది విని ఫర్హాద్ ప్రాణం విడుస్తాడు. కవులు అతనిని ‘కోహ్‌కన్’ అంటారు, కొండను తవ్వేవాడని అర్థం. అందులోని ‘కన్’కూ మన సంస్కృతంలోని ‘ఖన్’ ధాతువుకూ మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. తవ్వడమనే అర్థమున్న ఆ ధాతువు నుంచే ‘ఖని’ శబ్దం పుట్టింది. మా ఊరి పేరు చివర ఉన్నది ఆ మాటే.

గాలిబ్ దీవాన్‌లో మొట్టమొదటి గజల్‌లోనే ఈ పాల కాలువ ఉంది. ఒంటరివాడు రాత్రిని తెల్లవార్చడం ఎంతటి శ్రమో చెప్పడానికి ఆయన దానిని తలచుకున్నాడు. తట్టా చెమ్మస్ పట్టి రాత్రి షిఫ్టులో బొగ్గు నింపినవారి ఇళ్లలో ఆ పోలికకు వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇక్కడే తెలుగు అనువాదకునికి, నావంటి ప్రవచనకారునికి ఒక ప్రలోభం ఎదురవుతుంది. ఫర్హాద్ ఎవరో శ్రోతలకు తెలియదు, భగీరథుడు తెలుసు. అతడూ కొండల నుంచి ధార తెచ్చినవాడే గదా, పేరు మార్చేస్తే పోలేదా? మారిస్తే కవిత చచ్చిపోతుంది. భగీరథునికి గంగ దక్కింది, పితరులకు సద్గతి కలిగింది. ఫర్హాద్‌కు దక్కింది అబద్ధపు వార్త. గాలిబ్ చెప్పిన రాత్రికి అంత బరువు ఆ దక్కకపోవడం వల్లనే వచ్చింది. మన ఇతిహాసాలలో పోలిక వెదకవలసి వస్తే నేను ద్రోణపర్వానికి వెళతాను. కుమారుడు మరణించాడన్న మాట విని అస్త్రసన్యాసం చేసిన ద్రోణుడు ఫర్హాద్‌కు భగీరథునికన్నా దగ్గరివాడు. అయినా ద్రోణుని పేరు పెట్టినా కవిత నిలవదు. ఫర్హాద్ ఫర్హాద్‌గానే రావాలి, కథ మనం చెప్పుకోవాలి.

యూసుఫ్ కథ మరింత సులభం. మా వైపు నీళ్ల బావినీ బాయి అంటాం, బొగ్గు గనినీ బాయి అంటాం. అసూయపడిన అన్నలు యూసుఫ్‌ను బాయిలో పడవేస్తారు. అతడు మిస్రు దేశానికి అమ్ముడుపోతాడు. తండ్రి యాకూబ్ ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకుంటాడు. ఏళ్లు గడిచాక కొడుకు చొక్కా ముఖం మీద వేయగానే ఆయనకు చూపు వస్తుంది. బాయిలోకి దిగిన కొడుకు పైకి వచ్చేదాకా కన్ను మూయని తల్లిదండ్రులున్న ఊరిలో ఈ కథ పరాయిదెలా అవుతుంది?

నాకు అత్యంత ప్రియమైనది ఇబ్రాహీం కథ. నమ్రూద్ అనే రాజు తానే దైవమని విర్రవీగుతాడు. ఇబ్రాహీం ఒప్పుకోడు. పెద్ద చితి పేర్చి అందులోకి విసిరివేస్తారు. దైవాజ్ఞతో అగ్ని చల్లబడుతుంది. నిప్పులు పూలతోటగా మారాయని కవులు పాడుకుంటారు. నమ్రూద్ అగ్నిలోకి ప్రేమ వెనుకాముందు చూడక దూకిందని, బుద్ధి మాత్రం మేడమీద నిలబడి వింత చూస్తూ ఉండిపోయిందని ఇక్బాల్ భావించిన షేర్ ఉర్దూ లోకంలో నానుడిలా నిలిచింది.

హిరణ్యకశిపుడు, ప్రహ్లాదుడు వెంటనే మనసులో మెదలుతారు. పోతన్నగారి భాగవతం విన్నవారికి ఇది సహజం. విష్ణుపురాణం ప్రథమాంశంలో ఇంకా దగ్గరి మాట ఉంది. నిప్పుల నడుమ నిలిచిన ప్రహ్లాదుడు తండ్రితో, ఈ మంట నన్ను కాల్చడం లేదని, దిక్కులన్నీ తామరపూలు పరచినట్లు చల్లగా కనిపిస్తున్నాయని చెబుతాడు. అక్కడ పూలతోట, ఇక్కడ తామరల పాన్పు! సుందరకాండ పారాయణ చేసే గృహాలలో మరొక ఘట్టం అందరికీ కంఠస్థమే. హనుమంతుని తోకకు రాక్షసులు నిప్పు పెట్టారని విన్న సీతమ్మ, తన పాతివ్రత్యమే సాక్షిగా, ఆయనకు చల్లగా ఉండుమని అగ్నిహోత్రుని ప్రార్థిస్తుంది. అగ్ని చల్లబడుతుంది.

అయితే తేడాలు కూడా చెప్పకపోతే అది పాండిత్యం కాదు. ఇబ్రాహీం కథలో అగ్నికి ఆజ్ఞ నేరుగా పైనుంచి వచ్చింది. సుందరకాండలో ఒక తల్లి ప్రార్థన ఆ పని చేసింది. ప్రహ్లాద చరిత్రలో చివరకు స్తంభం చీలుతుంది, నమ్రూద్ కథలో నరసింహుడు లేడు. రెండింటినీ కలిపి ముద్దచేస్తే రెండు రుచులూ పోతాయి. సుందరకాండ చెప్పేటప్పుడు ఆ ఘట్టం దగ్గర ఇబ్రాహీం పేరు నేను తప్పక తలుస్తాను. తలిచి, ఎక్కడ కలిసిందో, ఎక్కడ విడిపోయిందో రెండూ చెబుతాను.

తూర్ కొండ విషయమూ ఇంతే. దైవాన్ని చూడాలని మూసా వేడుకుంటాడు. కొండవైపు చూడుమని, అది నిలిస్తే నన్ను చూడగలవని సమాధానం వస్తుంది. దివ్యకాంతి సోకగానే కొండ పొడి అవుతుంది, మూసా మూర్ఛిల్లుతాడు. గీతలో అర్జునునికి పరమాత్మ దివ్యచక్షువు ప్రసాదించి విశ్వరూపం చూపించాడు. చూసినవాడు వణికిపోయి, మునుపటి సౌమ్యరూపమే కావాలని వేడుకున్నాడు. ఒకచోట చూపు దొరకలేదు, ఒకచోట దొరికినా తట్టుకోవడం కష్టమైంది. గాలిబ్ ఈ కొండతోనూ చనువుగా పరిహాసమాడతాడు. మనమూ అక్కడికి పోయి చూడరాదా, అందరికీ ఒకే జవాబు రావాలనేముంది అన్నట్లు మాట్లాడతాడు. ఇది నిందాస్తుతిలోని చనువు. భద్రాచల రామదాసు కీర్తనలు పాడుకునే జాతికి ఈ చనువు కొత్త కాదు.

క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణశిక్ష పొందిన మన్సూర్ హల్లాజ్ గురించి నాలుగు మాటలే చెబుతాను. తానే సత్యమని పలికినందుకు ఆయనను చంపారని ప్రసిద్ధి. దానిని బృహదారణ్యకంలోని మహావాక్యంతో సమానమని వేదికలమీద తేలికగా అనేస్తుంటారు. ఆ పలుకుకు అర్థమేమిటన్న చర్చ సూఫీ పెద్దలలోనే ఒక కొలిక్కి రాలేదు. గాలిబ్ అయితే మన్సూర్‌ది లోతులేని పాత్ర అని చిన్నగా మందలించాడు. రహస్యాన్ని గురుసన్నిధిలోనే దాచుకోమన్న ఉపనిషత్ సంప్రదాయానికి గాలిబ్ మందలింపే దగ్గరగా ఉన్నదని నాకు తోస్తుంది.

ఇంతవరకు చెప్పినవి విని కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. వారి కవులు మన దేవుళ్లను తలిచారా? తలిచారు, కావలసినంత. బీజాపూరు సుల్తాను రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా తన దక్కనీ గ్రంథం ‘కితాబె నౌరస్’లో సరస్వతీ గణపతులను స్తుతించాడు. ఆగ్రాకు చెందిన నజీర్ అక్బరాబాదీ కృష్ణుని బాల్యలీలలు పాడాడు. హజ్ యాత్రలు చేసిన హస్రత్ మొహానీ మథురకూ వెళ్లేవాడు, కృష్ణునిపై కవితలు రాశాడు. ఇక్బాల్ ‘రామ్’ అనే కవిత రాశాడు. హిందువులైన ఉర్దూ కవులలో చక్‌బస్త్ రామాయణ ఘట్టాన్ని కవితగా మలిచాడు. హైదరాబాదు ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ ‘షాద్’ అనే కలంపేరుతో ఇస్లాం ప్రవక్తను స్తుతిస్తూ కవితలల్లాడు.

ఈ పట్టిక చదివి మనవారు పొంగిపోవడం నేను చూశాను. ఇక్బాల్ రాముని కీర్తించాడని సభలలో చప్పట్లు కొడతారు. ఆ ఇక్బాలే తలిచిన ఇబ్రాహీం ఎవరో చెప్పబోతే వాచీ చూసుకుంటారు. ఇది నాకు నచ్చదు. ఇచ్చిపుచ్చుకోవడంలో పుచ్చుకోవడమొక్కటే మనకు రుచించడం గృహస్థ ధర్మమేనా? మన పల్లె జనం ఇంతకన్నా ఉదారులు. పీర్ల పండుగనాడు హసన్, హుసేన్‌ల పేర్లు తలిచి, పీర్లకు నీళ్లు ఆరబోసి మొక్కుకునేవారిలో హిందువులు ఎందరో తెలంగాణలో ఎవరికి తెలియదు? అనీస్, దబీర్ వంటి మహాకవులు మర్సియాలలో పాడిన కర్బలా కథ ఒక్క పుస్తకమూ తెరవకుండానే వారి గడపలోకి వచ్చింది.

చివరగా, నిత్యం సంధ్యావందనం చేసేవారికి ఒక విశేషం. ఇక్బాల్ గాయత్రీ మంత్రాన్ని ‘ఆఫ్తాబ్’ అనే పేరుతో ఉర్దూ కవితగా మలిచాడు. 1902లో లాహోరు పత్రిక ‘మఖ్జన్’లో అది వెలువడింది, తరువాత 1924లో ‘బాంగె దరా’ సంపుటంలో చేరింది. అనువాదంగా చూస్తే అది మంత్రానికి యథాతథం కాదు. ఇరవైనాలుగు అక్షరాల మంత్రాన్ని ఆయన ఎంతో విస్తరించాడు. మంత్రశక్తి అక్షరాలలో, స్వరంలో ఉంటుందని నమ్మే నేను దానిని జపానికి పనికివచ్చేదిగా భావించను. కానీ బుద్ధిని ప్రేరేపించుమనే ప్రార్థన దగ్గరకు వచ్చేసరికి, వివేకమనే కంటికి వెలుగునిమ్మని సూర్యుని వేడుకుంటూ ఇక్బాల్ ఎంచుకున్న పదం ‘తజల్లీ’. తూర్ కొండమీద మూసాను మూర్ఛిల్లజేసిన కాంతికి ఉర్దూ కవులు వాడే మాట అదే. సవితృదేవుని భర్గస్సుకు ఆయన వద్ద దొరికిన పదాలలో అంతకన్నా పెద్దది లేదు. అది ఎంత పెద్దదో తెలియాలంటే మూసా కథ తెలిసి ఉండాలి.