గజనిమీలనం

న్యూఢిల్లీ:

ఎదుట జరుగుతున్నది కనబడుతున్నా, కళ్ళు సగం మూసి, ఏమీ ఎరగనట్లు ఏనుగు నిలబడటాన్ని మన పెద్దలు గజనిమీలనమన్నారు. తెలిసీ తెలియనట్లు నటించే ప్రభువులకు ఆ మాటను అన్వయించారు. ఏనుగుల వ్యవహారంలోనే భారత ప్రభుత్వానికి ఆ మాట అన్వయించవలసిన రోజు వస్తుందని ఎవరూ ఊహించి ఉండరు. 2022 నవంబరులో పనామాలో జరిగిన వన్యప్రాణి వర్తక ఒప్పంద దేశాల సమావేశంలో, ఏనుగు దంతాల అంతర్జాతీయ వర్తకాన్ని తిరిగి అనుమతించాలన్న ప్రతిపాదన వోటింగుకు వచ్చింది. అది భారీ తేడాతో వీగిపోయింది. అయితే దశాబ్దాలుగా అలాంటి ప్రతిపాదనలను వ్యతిరేకిస్తూ వచ్చిన భారత ప్రతినిధివర్గం మాత్రం ఈసారి అటూ ఇటూ కాక తటస్థంగా ఉండిపోయింది.

ఈ సంగతి మళ్ళీ మనసులో మెదలడానికి కారణం సూరత్ ప్రయాణం. వివాహాల రోజులు. పాత నగరంలోని గాజుల దుకాణాల్లో పెండ్లికూతుళ్ళ ఎరుపు, తెలుపు గాజుల జతలు వరుసలు తీరి ఉన్నాయి. గుజరాతులో మేనమామ పెండ్లికూతురుకు పెట్టే ‘చూడో’ అది. నేటి గాజులు ప్లాస్టిక్కువి. ఒకప్పుడు అవి అచ్చమైన దంతం. భర్త చనిపోతే ఆ గాజులను తీసివేయడమో, చితిలో వేయడమో ఆచారం. కనుక ఒక తరం దంతం మరో తరానికి దక్కేది కాదు. ప్రతి వివాహానికీ కొత్త దంతం కావలసి వచ్చేది. ఒక సమాజపు మంగళాచారం సముద్రానికి ఆవలనున్న ఏనుగుల మందలకు మరణశాసనమైన వైనమిది.

సూరత్ చరిత్ర తెలిసిన వారికి ఇది వింత కాదు. తపతీ నది ఒడ్డున మొగలాయీల ప్రధాన రేవుగా వెలిగిన ఆ పట్టణం నుంచి, దాని సోదర రేవులైన దమన్, దీవ్‌ల నుంచి గుజరాతీ వర్తకులు నూలు వస్త్రాలను తూర్పు ఆఫ్రికాకు పంపేవారు. మొజాంబిక్ తీరం నుంచి ఆ వస్త్రానికి బదులుగా వచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది దంతం. ఆఫ్రికా దంతం పెద్దది, కోతకు అనువైనది కావడంతో గాజుల పనివారు దానినే కోరేవారు. ఇక గుజరాతుకు సొంత ఏనుగులు లేకపోలేదు. 17వ శతాబ్ది ప్రారంభంలో దోహద్ అడవుల్లో ఏనుగులను వేటాడించిన ముచ్చట జహంగీరు స్వయంగా తన స్మృతులలో రాసుకున్నాడు. ఆ అడవుల్లో నేడు ఒక్క అడవి ఏనుగు లేదు. ఎప్పుడు, ఎలా తరిగిపోయినవో ఏటేటా లెక్క రాసి పెట్టిన వారూ లేరు. లెక్క లేని చోట నష్టం కూడా వార్త కాదు.

సూరత్‌లో తెలుగువారు కొత్తవారు కారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపిందంటే వారి సంఖ్యాబలం ఎంతటిదో ఊహించవచ్చు. మరమగ్గాల మీద నలభై ఏళ్ళు గడిపిన ఒక పెద్దాయన ఇంట టీ తాగుతూ నేను దంతాల ప్రస్తావన తెచ్చాను. ఆయన నవ్వి, “ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే అంటరు గద సారూ. మరి సంపేటోడు ఎందుకు ఊకుంటడు?” అన్నాడు. అంతర్జాతీయ సమావేశాల్లో వందల పుటల పత్రాలు చెప్పేది కూడా ఇంచుమించు ఇంతే. చచ్చిన ఏనుగు ఖరీదు బ్రతికిన ఏనుగు ఖరీదుతో సమానంగా ఉన్నంతకాలం తుపాకి ఆగదు. ఆ చచ్చిన ఏనుగు విలువను సున్నా చేయడమే ప్రపంచ దేశాలు పెట్టుకున్న లక్ష్యం.

వన్యప్రాణుల వర్తకంపై అంతర్జాతీయ ఒప్పందం 1973లో వాషింగ్టన్‌లో కుదిరింది. భారతదేశం 1976లో అందులో చేరింది. 1981లో ఆ ఒప్పంద దేశాల మూడవ మహాసమావేశానికి ఇదే న్యూఢిల్లీ ఆతిథ్యమిచ్చింది. ఆసియా ఏనుగు మొదటి నుంచీ సంపూర్ణ నిషేధపు జాబితాలోనే ఉంది. ఆఫ్రికా ఏనుగుకు మాత్రం ఆ రక్షణ 1989లో, లౌసాన్ సమావేశంలో గాని లభించలేదు. అప్పటికి పదేళ్ళలో ఆ ఖండంలోని ఏనుగుల సంఖ్య సుమారు 13 లక్షల నుంచి 6 లక్షలకు పడిపోయిందని అంచనా. మన దేశంలో 1986 సవరణ స్వదేశీ దంతపు వర్తకాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతపు వర్తకాన్ని నిషేధించాయి. దంత వర్తకులు న్యాయస్థానాల తలుపులు తట్టారు. 2003లో సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థించింది.

1997లో హరారే సమావేశంలో కథ మలుపు తిరిగింది. బోట్స్‌వానా, నమీబియా, జింబాబ్వేలు తమ నిల్వలను అమ్ముకోవడానికి అనుమతి సంపాదించాయి. 1999లో సుమారు 50 టన్నుల దంతం జపానుకు వెళ్ళింది. 2008లో మరో వంద టన్నులకు పైగా దంతం చైనా, జపానులకు చేరింది. అమ్మకం వల్ల వేట పెరుగుతుందని ఒక పక్షం, పెరగదని మరో పక్షం వాదించుకున్నాయి. ఇద్దరి చేతిలోనూ నమ్మదగిన లెక్కలు లేవు. ఆ వివాదం నుంచే ‘మైక్’ అన్న సంక్షిప్తనామంతో ఏనుగుల అక్రమ వధ పర్యవేక్షణ కార్యక్రమం పుట్టింది. పట్టుబడిన దంతాల లెక్క తీసే మరొక వ్యవస్థ కూడా దానితోపాటే పుట్టింది.

ఈ పర్యవేక్షణలో మంత్రమేమీ లేదు. ఎంపిక చేసిన అడవుల్లో గస్తీ తిరిగే సిబ్బందికి ఏనుగు కళేబరం కనిపిస్తే, అది ఆడదా మగదా, వయసెంత, దంతాలున్నవా లేవా, ఎలా చనిపోయింది అన్న వివరాలు నమోదు చేయాలి. దొరికిన కళేబరాలన్నింటిలో అక్రమంగా చంపబడినవి ఎన్ని అన్న నిష్పత్తి తీస్తారు. ఆ నిష్పత్తి సగానికి మించితే, సహజ మరణాలకంటే హత్యలే ఎక్కువన్న మాట. 2011 ప్రాంతంలో ఆఫ్రికాలో ఆ గీత దాటిపోయింది. ఆ హెచ్చరిక ఇచ్చిన ఒత్తిడి కూడా తోడై చైనా 2017 చివరి నాటికి తన దేశంలో దంతపు వర్తకాన్ని మూసివేసింది. అడవిలో ఒక కాపలాదారు పూరించిన కాగితం బీజింగు నగరంలో దుకాణాలు మూయించే దాకా ప్రయాణించగలదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర లేదు.

కాగా, ఆ కాగితం నిజం చెప్పాలి. భారతదేశంలో ఈ కార్యక్రమం కింద ఉన్నవి పది ప్రాంతాలు. మైసూరు, నీలగిరి, వయనాడు, మయూర్‌భంజ్, గారో కొండలు, శివాలిక్ వంటివి అందులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని రాయల ఏనుగుల అభయారణ్యం అందులో లేదు. పది ప్రాంతాల్లోనైనా అన్ని కళేబరాలు పుస్తకానికి ఎక్కుతున్నాయా? 2015లో కేరళలో బయటపడిన వేట ముఠా కేసులో దర్యాప్తు దారి ఢిల్లీ దాకా వచ్చి, ఈ మహానగరంలోనే వందల కిలోల దంతం పట్టుబడింది. ముఠాలోని మనిషే నోరు విప్పేదాకా ఆ వధ సంగతి పెద్దగా వెలుగుచూడలేదు. ఆసియా ఏనుగుల్లో దంతాలుండేవి మగవాటికే కనుక, వేటగాడి తూటా తగిలేది వాటికే. మొత్తం సంఖ్య నిలకడగా కనిపిస్తున్నా, మందలో మగ ఏనుగులు కరువై వంశం సన్నగిల్లవచ్చు. అప్పుడు అంకెలు ఏనుగు మింగిన వెలగపండు చందమే.

పార్లమెంటుకు ప్రభుత్వం 2024లో ఇచ్చిన సమాధానాన్ని చూడండి. అంతకుముందు ఐదేళ్ళలో అసహజ కారణాల వల్ల 528 ఏనుగులు మరణించాయి. విద్యుదాఘాతంతో 392, రైళ్ళ కింద 73, వేటగాళ్ళ చేతిలో 50, విషప్రయోగంతో 13. తూటా కంటే తీగ ఏడు రెట్లకు మించి బలి తీసుకుంటున్నదన్న మాట. అయితే ఆ 392లో విద్యుత్ సంస్థ నిర్లక్ష్యంతో వేలాడిన తీగ తగిలి చనిపోయినవి ఎన్ని? అడవిపందుల కోసమో, ఏనుగుల కోసమో ఎవరైనా పొలం గట్టున దొంగచాటుగా పరచిన కరెంటు తీగకు బలైనవి ఎన్ని? మొదటిది నిర్లక్ష్యం, రెండవది నేరం. రెండింటినీ ఒకే గడిలో రాస్తే నేరం ప్రమాదంగా మారిపోతుంది.

తెలుగునాట ఈ బాధ తెలియనిది కాదు. రెండు శతాబ్దాల విరామం తరువాత 1980లలో తమిళనాడు, కర్ణాటకల వైపు నుంచి ఏనుగులు చిత్తూరు జిల్లాకు వచ్చాయి. వాటి కోసమే కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఒడిశా వైపు నుంచి ఉత్తరాంధ్రకు వచ్చిన మందల కథ మరొకటి. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో విద్యుదాఘాతంతో ఒకేసారి నాలుగు ఏనుగులు మరణించాయి. మరోవైపు 2024 ఏప్రిల్‌లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఏనుగు ఇద్దరు రైతులను చంపింది. 2025 ఫిబ్రవరిలో గుండాలకోనకు శివరాత్రికి నడిచి వెళ్తున్న భక్తులు ఏనుగుల దాడిలో ప్రాణాలు కోల్పోయారు. ఏడాది పంటను ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న రైతుకు వన్యప్రాణి ప్రేమను ఢిల్లీ నుంచి బోధించడం అన్యాయం. నష్టపరిహారం సకాలంలో అందని చోట దొంగ తీగలు మొలుస్తాయి.

దక్షిణాఫ్రికా ఖండ దేశాల వాదంలోని బలం కూడా ఇదే. బోట్స్‌వానాలోనే లక్షకు పైగా ఏనుగులున్నాయి. వాటి పోషణ భారం మా పల్లెలది, నీతి బోధ మీ రాజధానులదా అని ఆ దేశాలు అడుగుతున్నాయి. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేము. కాని దానికి సమాధానం దంతపు అమ్మకం కాదు. సక్రమంగా అమ్మిన దంతానికీ, అక్రమంగా కోసిన దంతానికీ గాజులుగా మారిన తరువాత తేడా చెప్పడం కష్టం. ఒక దేశానికి తెరిచిన తలుపు అన్ని దేశాల దొంగలకు దారి అవుతుంది. ఏనుగుల భారం మోసే పల్లెలకు ప్రపంచం నేరుగా సొమ్ము చెల్లించడమే న్యాయమైన మార్గం. పర్యవేక్షణ కార్యక్రమం సైతం ప్రధానంగా ఐరోపా సమాజపు విరాళాలపై ఆధారపడి నడవడం సంపన్న ప్రపంచానికి గౌరవం కాదు.

2000లో నైరోబీ సమావేశంలో దంతపు అమ్మకాలకు స్వస్తి చెప్పించడానికి కెన్యాతో చేతులు కలిపి ప్రతిపాదన పెట్టినది భారతదేశమే. అదే దేశం 2022లో ఎందుకు మౌనం వహించింది? ఆ ఏడాది జూలైలో నమీబియాతో చీతాల ఒప్పందం కుదిరింది. జీవవైవిధ్యపు సుస్థిర వినియోగం విషయంలో అంతర్జాతీయ వేదికలపై సహకారమన్న మాట అందులో ఉంది. సెప్టెంబరులో చీతాలు కునో చేరాయి. నవంబరులో మన వోటు మూగబోయింది. ఈ మూడింటికీ సంబంధం ఉందా లేదా అన్నది ప్రభుత్వమే చెప్పాలి. సంబంధం లేకపోతే విధానం మారడానికి మరో కారణం ఉండి తీరాలి. అదే ఏడాది డిసెంబరులో వన్యప్రాణి సంరక్షణ సవరణ బిల్లు రాజ్యసభలో నెగ్గింది. అంతర్జాతీయ ఒప్పందాన్ని మన చట్టంలోకి తెచ్చిన బిల్లు అది. ఒప్పందాన్ని చట్టంలో చేర్చిన పార్లమెంటుకు, ఆ ఒప్పందపు వేదికపై మన వోటు ఎటు పోయిందో అడిగే హక్కు ఉన్నది.

2025 చివర సమర్‌కంద్ సమావేశంలో కూడా నమీబియా తన నిల్వల అమ్మకానికి అనుమతి కోరింది. లభించలేదు. ఆ ప్రతిపాదన మళ్ళీ వస్తుంది. అప్పటికి తెలుగు రాష్ట్రాల ఎంపీలు మూడు కోర్కెలు సభలో ఉంచితే అదే పదివేలు. ఏనుగు మరణాల్లో ప్రమాదాన్ని, నేరాన్ని వేర్వేరుగా చూపే వార్షిక నివేదిక. రాయల అభయారణ్యాన్ని అంతర్జాతీయ పర్యవేక్షణలో చేర్చే ప్రతిపాదన. దంతపు వర్తకంపై భారత వోటును సమావేశానికి ముందే సభకు వెల్లడించే సంప్రదాయం. ఇందులో ఖజానాకు పెద్ద ఖర్చయ్యేది ఏదీ లేదు.

సూరత్ దుకాణంలో ప్లాస్టిక్ గాజులు తొడుక్కున్న పెండ్లికూతురుకు ఏమీ లోటు కనబడలేదు. ఆచారం నిలిచింది, దంతం పోయింది. ఒక పట్టణపు గాజుల వీధి మార్చుకోగలిగిన పద్ధతిని, ఒక మహాదేశపు విదేశాంగ విధానం తిరగవేయరాదు. కళ్ళు మూసుకోవడం ఏనుగుకు చెల్లుతుందేమో గాని, దాని కాపలాదారుకు చెల్లదు.