షిప్పింగ్ ఇన్సూరెన్స్ డబ్బు మనది, క్లెయిమ్ తిప్పలు కూడా మనవేనా?

ఇక్కడ నేను సాధారణంగా ఫోన్ల గురించే రాస్తాను. కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తోంది, ఆ ధరకు కొనొచ్చా లేదా, అంతవరకే. ఈసారి టాపిక్ వేరు. ఫోన్ వాళ్ల గోడౌన్‌లో బయల్దేరి మన గుమ్మం దగ్గరికి వచ్చేలోపు జరిగే వ్యవహారం గురించి మాట్లాడుకుందాం. పేమెంట్ పేజీలో అడుగున చిన్న అక్షరాలతో "షిప్పింగ్ ఇన్సూరెన్స్" అనో, "ట్రాన్సిట్ ప్రొటెక్షన్" అనో ఓ లైన్ కనిపిస్తుంది కదా. 99, 149, 199 రూపాయలు. వేలకు వేలు పెట్టి ఫోన్ కొంటున్నాం, ఈ వందకేముందిలే అని చాలామంది కట్టేస్తారు. మా బావమరిది కూడా అలాగే కట్టాడు.

తనది కరీంనగర్. బైక్ స్పేర్ పార్ట్స్ షాప్ నడుపుతాడు. పాత ఫోన్ పూర్తిగా పోవడంతో, రీఫర్బిష్డ్ ఫోన్లు అమ్మే ఒక సైట్‌లో 18,499 రూపాయల ఫోన్ ఆర్డర్ పెట్టాడు. దానికి షిప్పింగ్ ఇన్సూరెన్స్ 149 అదనం. ఆ బాక్స్‌లో టిక్ ముందే పెట్టి ఉంది, తను పెట్టింది కాదు. నాలుగో రోజు నాకు కాల్ చేశాడు.

"బావా, డబ్బా ఒక మూలకు నలిగి వచ్చింది. ఫోన్ ఆన్ చేస్తే స్క్రీన్ మీద నిలువు గీత పడుతుంది. ఏం జెయ్యాలె?"

"ఇన్సూరెన్స్ కట్టినవ్ కదా, టెన్షన్ పడకు. రెండు రోజుల్లో మారుస్తరు" అన్నాను. ఇన్నేళ్లుగా గ్యాడ్జెట్ల గురించి రాస్తున్నవాడిని, నేనే అంత తేలిగ్గా నమ్మేశాను.

తర్వాత జరిగింది ఇదీ

కస్టమర్ కేర్ చాట్‌లో వచ్చిన మొదటి సమాధానం: "సర్, మీరు షిప్పింగ్ ఇన్సూరెన్స్ తీసుకున్నారు కాబట్టి దయచేసి కొరియర్ దగ్గర క్లెయిమ్ పెట్టుకోండి." సరే అని కొరియర్ ఆఫీస్‌కి వెళ్తే, "బుకింగ్ చేసింది మీరు కాదు. పార్శిల్ పంపిన పార్టీ అడిగితేనే మేం క్లెయిమ్ తీసుకుంటాం" అన్నారు. మళ్లీ సైట్‌కి వస్తే, "మా ఇన్సూరెన్స్ పార్ట్‌నర్‌కి పంపాం, 15 నుంచి 21 రోజులు పడుతుంది" అన్నారు. ఇరవై రోజులు ఆగాక, "అన్‌బాక్సింగ్ వీడియోలో పైకవర్ కట్ చేస్తున్నట్టు కనిపించడం లేదు, అందుకే క్లెయిమ్ రిజెక్ట్" అని మెయిల్ వచ్చింది.

వీడియో తీశాడు పాపం. కానీ పైకవర్ తీసేశాక మొదలుపెట్టాడు. లేబుల్ దగ్గర్నుంచి కట్ లేకుండా తీయాలని డబ్బు కట్టే ముందు ఎవరూ చెప్పలేదు. ఆ రూల్ ఎక్కడుందా అని వెతికితే టర్మ్స్ పేజీలో కిందికి కిందికి వెళ్లాక, అదీ ఇంగ్లీషులో దొరికింది. ఈలోపు షాప్‌లో యూపీఐ పేమెంట్లు చూసుకోవడానికి, సప్లయర్లతో మాట్లాడటానికి ఫోన్ లేక నా పాత ఫోన్ తీసుకెళ్లాడు. మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోయే ఆ ఫోన్‌తో నెలకు పైగా బిజినెస్ నడిపాడు.

ఇంతకీ ఆ ఇన్సూరెన్స్ ఎవరిది?

అసలు ప్రశ్న ఇదే, కట్టేముందు మనం అడగనిదీ ఇదే. పోస్టాఫీసులో ఇన్సూర్డ్ పార్శిల్ సంగతి చాలామందికి తెలుసు. అక్కడ పంపేవాళ్లే విలువ చెప్పి, డబ్బు కట్టి ఇన్సూర్ చేయిస్తారు. కొరియర్ బుకింగ్‌లోనూ అంతే. "ఓనర్స్ రిస్క్" మీద పంపుతున్నారా, "క్యారియర్స్ రిస్క్" మీద పంపుతున్నారా అన్నది బుక్ చేసేవాడికీ కొరియర్‌కీ మధ్య ఒప్పందం. ఆన్‌లైన్ ఆర్డర్‌లో బుక్ చేసేది సెల్లర్. ట్రాన్సిట్ పాలసీ అంటూ నిజంగా ఉంటే మామూలుగా అదీ సెల్లర్ పేరు మీదే ఉంటుంది. దారిలో ఫోన్ పగిలితే, పోతే నష్టపోకుండా ఆ పాలసీ కాపాడేది కూడా సెల్లర్‌నే.

అంటే సెల్లర్ వ్యాపార రిస్క్‌కి ప్రీమియం మన జేబులోంచి వెళ్తోంది. పోనీ, ధరలో కలుపుకున్నారనుకుందాం. కానీ పార్శిల్ పాడయ్యాక ఆ పాలసీని మనకు, మన రీఫండ్‌కి మధ్య గోడలా నిలబెడితేనే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ ఇచ్చిందా లేదా అన్నది సెల్లర్ చూసుకోవాల్సిన సంగతి. నేను డబ్బు కట్టింది బాగున్న ఫోన్ కోసం. అది నా చేతికి రాలేదు. మిగతాదంతా వాళ్ల లోపలి లెక్క.

చట్టం కూడా మన పక్కనే ఉంది. 2020 నాటి కన్స్యూమర్ ప్రొటెక్షన్ (ఈ-కామర్స్) రూల్స్ ప్రకారం వస్తువు లోపంతో వస్తే వెనక్కి తీసుకోనని గానీ, డబ్బు తిరిగి ఇవ్వనని గానీ సెల్లర్ అనకూడదు. సొంత స్టాక్ అమ్మే సైట్లకూ ఇదే వర్తిస్తుంది. ముందే టిక్ పెట్టిన బాక్సులతో కస్టమర్ అంగీకారం తీసుకోకూడదని కూడా అవే రూల్స్ చెబుతున్నాయి.

2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ గైడ్‌లైన్స్ ఇంకో అడుగు ముందుకేశాయి. మనల్ని అడక్కుండా కార్ట్‌లో అదనపు ఐటమ్ పెట్టేయడాన్ని "బాస్కెట్ స్నీకింగ్" అన్నాయి. అందులో ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఫ్లైట్ టికెట్‌తో పాటు ట్రావెల్ ఇన్సూరెన్స్ దానంతటదే యాడ్ కావడం. ఇన్సూరెన్స్ వద్దన్న కస్టమర్‌తో "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అన్న అర్థం వచ్చే బటన్ నొక్కించడం కూడా తప్పే, దానికి "కన్ఫర్మ్ షేమింగ్" అని పేరు పెట్టారు. టికెట్ దగ్గర తప్పయింది ఫోన్ దగ్గర ఒప్పవుతుందా?

బ్రిటన్‌లో అయితే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్‌లో ఇంకా సూటిగా రాశారు. వస్తువు కస్టమర్ చేతికి అందేవరకు రిస్క్ వ్యాపారిదే. కొరియర్‌ని కస్టమర్ తనంతట తనే పెట్టుకుంటే తప్ప అక్కడ మినహాయింపు లేదు. మన దగ్గర కూడా ఇంత సూటి వాక్యం ఒకటి రావాలని నా కోరిక.

సెల్లర్ల బాధ కూడా విందాం

ఒక వైపు మాటే చెబితే అన్యాయం అవుతుంది. హైదరాబాద్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో నా ఫ్రెండ్ ఒకడు ఫోన్లు అమ్ముతాడు. షాప్‌తో పాటు ఆన్‌లైన్ ఆర్డర్లు కూడా పంపుతాడు. ఈ గొడవ చెబితే ముందు నా మీదే ఎగిరాడు. "కస్టమర్లందరూ సత్యహరిశ్చంద్రులా? మంచి ఫోన్ పంపితే తన పగిలిన ఫోన్ డబ్బాలో పెట్టి రిటర్న్ పంపినోడు ఉన్నాడు. నేనెవరికి చెప్పుకోవాలె?"

నిజమే. మోసం చేసే కస్టమర్లు ఉన్నారు, చిన్న సెల్లర్‌కి ఒక్క ఫోన్ పోతే ఆ వారం లాభం మొత్తం పోయినట్టే. అందుకే వీడియో అడగడాన్ని నేను తప్పు పట్టను. మరి నువ్వేం చేస్తావురా అని అడిగితే వాడు చెప్పింది నాకు నచ్చింది. ప్రతి ఫోన్ ప్యాక్ చేసేటప్పుడు ఐఎంఈఐ నంబర్, స్క్రీన్ ఆన్ చేసి చూపించడం, సీల్ వేయడం అన్నీ ఒకే వీడియోలో తీస్తాడు. ఆ వీడియోతో పాటు "లేబుల్ కనిపించేలా మొదలుపెట్టి, కట్ చేయకుండా అన్‌బాక్సింగ్ వీడియో తీయండి" అని కస్టమర్‌కి వాట్సాప్‌లో తెలుగులో మెసేజ్ పెడతాడు. తేడా వస్తే ఐఎంఈఐ చూస్తే తెలిసిపోతుంది. దారిలో పాడైందని తేలితే ముందు కస్టమర్‌కి వేరే ఫోన్ పంపుతాడు, కొరియర్‌తో తర్వాత కొట్లాడుకుంటాడు. "కొరియరోడు ఇస్తే ఇస్తడు, లేకుంటే లేదు. కస్టమర్ పోతే మళ్ల రాడు" అన్నాడు.

ఒక్కడే కూర్చుని అన్నీ చూసుకునే షాప్‌లో సాధ్యమైంది, యాప్, కాల్ సెంటర్, లీగల్ టీమ్ ఉన్న సైట్‌కి సాధ్యం కాదంటే నేను నమ్మను.

సెల్లర్లు మార్చుకోవాల్సినవి

- టిక్ తీసేసి ఉంచండి. అది నిజంగా ఇన్సూరెన్స్ అయితే కంపెనీ పేరు, పాలసీ వివరాలు పేమెంట్ పేజీలోనే చూపించండి. ప్యాకింగ్ ఛార్జీ అయితే ప్యాకింగ్ ఛార్జీ అనే రాయండి.
- వీడియో రూల్ ఆర్డర్ కన్ఫర్మేషన్ మెసేజ్‌లోనే, కస్టమర్‌కి అర్థమయ్యే భాషలో చెప్పండి. రిజెక్ట్ చేసేటప్పుడు గుర్తుచేయడం పద్ధతి కాదు.
- కంప్లైంట్ వచ్చాక కస్టమర్‌ని కొరియర్ ఆఫీస్ చుట్టూ తిప్పకండి. ఒకే కంప్లైంట్ నంబర్, ఒకే మనిషి, ఫలానా తేదీలోపు తేలుస్తామన్న మాట ఉండాలి.
- ముందు రీప్లేస్‌మెంటో రీఫండో ఇవ్వండి, మీ క్లెయిమ్ మీరు తర్వాత చూసుకోండి.
- రీఫండ్ ఇస్తే ఆ 149 కూడా కలిపి ఇవ్వండి.

మీరు చేయాల్సినవి

పేమెంట్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఓపెన్ బాక్స్ డెలివరీ ఆప్షన్ ఉంటే అదే ఎంచుకోండి, ఫోన్ చూడకముందే ఓటీపీ చెప్పేయకండి. డబ్బా నలిగి ఉంటే తీసుకోకుండా వెనక్కి పంపడమే మేలు. తీసుకుంటే డెలివరీ బాయ్ ముందే ఫొటోలు, వీడియో తీయండి. వీడియో లేబుల్ దగ్గర మొదలవ్వాలి.

ఇన్సూరెన్స్ మాట వాళ్లెత్తితే మెయిల్‌లో మూడే ప్రశ్నలు అడగండి: ఇన్సూరెన్స్ కంపెనీ ఏది? పాలసీ నంబర్ ఎంత? పాలసీ ఎవరి పేరు మీద ఉంది? మన దేశంలో రిజిస్టర్ అయిన బీమా కంపెనీయే ఇన్సూరెన్స్ ఇవ్వగలదు. ఈ మూడింటికీ జవాబు లేకపోతే మీరు కట్టింది ఇన్సూరెన్స్ అని వాళ్లెలా అంటారు?

అక్కడ తేలకపోతే సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ ఐడీ వెతికి రాయండి. రూల్స్ ప్రకారం 48 గంటల్లో కంప్లైంట్ అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అదీ కాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి. చివరి మెట్టు జిల్లా కన్స్యూమర్ కమిషన్. మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి.

మా బావమరిది విషయంలో ఆ మూడు ప్రశ్నలతో నేనే మెయిల్ రాయించాను. జవాబు రాలేదు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాస్తే "పరిశీలిస్తున్నాం" అని వచ్చింది. 1915లో కంప్లైంట్ నమోదు చేశాక పదకొండో రోజు పికప్ వచ్చింది, తర్వాత 18,499 అకౌంట్‌లో పడింది.

149 మాత్రం రాలేదు. అడిగితే "ఇన్సూరెన్స్ ఛార్జీ నాన్ రీఫండబుల్ సర్" అన్నారు. మా బావమరిది నవ్వి, "పోనీ బావా, ఇడిసిపెట్టు" అన్నాడు. నేను మాత్రం విడిచిపెట్టలేదు, ఆ 149 కోసం మళ్లీ మెయిల్ పెట్టాను. అది కూడా వచ్చిన రోజు ఇక్కడే చెప్తాను. అప్పటిదాకా నేను రివ్యూ రాసే ప్రతి ఫోన్ కింద ధర ఒక్కటే కాదు, పేమెంట్ పేజీలో ఇంకా ఏమేం కలుపుతున్నారో కూడా రాస్తాను.