సొరపాదుకు ఎన్ని మార్కులు?

ఈ వారం నాకు చిర్రెత్తించింది ఒక కాగితం. విస్కాన్సిన్‌లో ఉంటున్న మా మేనకోడలు వాట్సాప్‌లో పంపింది. దాని కూతురు శనివారాలు రోజ్‌మాలింగ్ నేర్చుకుంటోంది. నార్వే పల్లెల్లో పెట్టెలకీ, పళ్ళేలకీ, గోడలకీ వేసే పూలతీగల చిత్రకళ అది. పిల్ల వేసిన పళ్ళెం చూస్తే ముచ్చటేసింది. ఆ పళ్ళెంతో పాటు క్లాసులో ఇచ్చిన కాగితం ఫొటో కూడా వచ్చింది. మూడు రేకుల పువ్వుంటే త్రిత్వం. హృదయం బొమ్మ ఉంటే దేవుని ప్రేమ. తీగ అంటే క్రీస్తు. నీలం అంటే పరలోకం. కింద ఖాళీలు, పిల్లలు పూరించాలి.

మన ‘జతపరచుము’ అట్లాంటిక్ కూడా దాటేసిందన్నమాట!

‘మావయ్యా, ఈ మతం గొడవ మనకెందుకు, పూలు నేర్పితే చాలదా అంటున్నారు మీ అల్లుడు’ అని రాసింది. చాలదమ్మా. క్రైస్తవం చెప్పారని కాదు నా గొడవ. చెప్పాల్సిందే. చెప్పే తీరు ఇది కాదు.

ఆ తీగ ఎక్కడిదో చూడండి. ఓస్లో పెద్ద చర్చిలో 1699 నాటి బలిపీఠం మీద అకాంథస్ ఆకుల చెక్కడం ఉంది. ఆ ఆకు అక్కణ్ణుంచి పల్లె చర్చిలకు పాకింది. పద్దెనిమిదో శతాబ్దంలో నగరాల రొకోకో వంపులు తోడయ్యాయి. టెలెమార్క్, హాలింగ్‌డాల్ లోయల చిత్రకారులు వాటిని తమ చేతివాటానికి మలుచుకుని పెళ్ళికూతురి పెట్టె మీదికి దించారు. చర్చి నుంచి వచ్చిన మాట నిజమే. అంతమాత్రాన ఆ రైతు చిత్రకారుడు రేకులు లెక్కపెట్టి వేదాంతం రాశాడనుకోవడం మన సరదా. కొన్ని చోట్ల చేయి తిరిగింది కాబట్టే తీగ తిరిగింది. ఆ మాట పిల్లలకు చెప్పడానికి భయమెందుకు?

క్రైస్తవం నిండుగా కనిపించే చోటు వేరే ఉంది. నార్వే పక్కనే, స్వీడన్‌లోని డాలార్నా. సుమారు 1780 నుంచి 1870 దాకా అక్కడి రెట్‌విక్, లెక్సాండ్ పల్లెల చిత్రకారులు ఊరూరా తిరుగుతూ రైతుల ఇళ్ళ గోడలకు బైబిల్ కథలు వేశారు. వాళ్ళకు నమూనా చాలావరకు బైబిల్ ప్రతుల్లోని చెక్క అచ్చు బొమ్మలు. గుస్తావ్ వాసా రాజు 1541లో అచ్చు వేయించిన స్వీడిష్ బైబిల్ వాటిలో ముఖ్యమైనది. నలుపు తెలుపు అచ్చులో ఉన్నదాన్ని వీళ్ళు రంగుల్లో తమ ఊరికి తెచ్చుకున్నారు. షేబ దేశపు రాణి గుర్రబ్బండిలో దిగుతుంది. యెరూషలేము వీధుల్లో టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు తిరుగుతుంటారు. యేసు చెప్పిన ఉపమానంలోని పదిమంది కన్యకలూ ఆ చిత్రకారుల కాలపు గౌన్లు వేసుకుని వరసగా నిలబడతారు. ఐదుగురి దివిటీలు వెలుగుతుంటాయి, ఐదుగురివి ఆరిపోయి ఉంటాయి. సిద్దెల్లో నూనె తెచ్చుకున్న వాళ్ళెవరో, మరచిన వాళ్ళెవరో చదువు రాని ముసలమ్మ కూడా చెప్పేస్తుంది. పిల్లలకు చూపించాల్సింది ఇది. ఇందులో పూరించడానికి ఖాళీ ఏదీ లేదు, అడగడానికి ప్రశ్న మాత్రం ఉంది: నూనె ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు కొంచెం పోస్తే ఏం పోయింది? ఏ పిల్లయినా అడుగుతుంది. అడిగాక పాఠం దానంతటదే నడుస్తుంది.

ఇక ఆ బొమ్మల నిండా విరగబూసే కుర్‌బిట్స్ సంగతి. మనుషులకన్నా, ఇళ్ళకన్నా ఎత్తున లేచే ఆ విచిత్రమైన పూలగుత్తి యోనా కథలోని సొరచెట్టు. నీనెవె పట్టణం నాశనమైపోతుందని ప్రకటించి, అది జరగలేదని అలిగి ఎండలో కూర్చున్నాడు యోనా. దేవుడు అతని నీడకు సొరపాదు మొలిపించాడు. యోనా సంబరపడ్డాడు. మర్నాడు తెల్లారేసరికి దాన్ని పురుగు తినేసింది, యోనాకు మళ్ళీ కోపం. నువ్వు నాటని, పెంచని పాదు కోసం ఇంత ఏడుస్తున్నావే, లక్షా ఇరవై వేలకు పైగా మనుషులూ, బోలెడు పశువులూ ఉన్న ఊరి మీద నాకు జాలి ఉండకూడదా అని దేవుడు అడుగుతాడు. కథ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. యోనా ఏం జవాబు చెప్పాడో బైబిల్ చెప్పదు. ఇంత కథను ‘సొరపాదు = దేవుని కృప, ఒక మార్కు’ అని కుదించే వాళ్ళను ఏమనాలి?

దీనికి సరిగ్గా ఎదురు తప్పు చేసేవాళ్ళూ ఉన్నారు. కథ ఊడ్చేసి పువ్వు మాత్రం ఉంచుతారు. డాలార్నా చెక్క గుర్రం మీద అదే కుర్‌బిట్స్ పూస్తుంది. కొని ఇంటికి తెచ్చుకున్న వాళ్ళలో యోనా పేరు విన్నవాళ్ళెందరు? మతం మాటెత్తితే కోర్టుకెక్కుతారని భయమట. నార్వేలో ఆ ముచ్చటా జరిగింది. బడిలో మత పాఠం మీద కొందరు తల్లిదండ్రులు వేసిన కేసులో 2007లో స్ట్రాస్‌బోర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు నార్వేకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అదీ 9 మంది న్యాయమూర్తులు అటు, 8 మంది ఇటు. కోర్టు తప్పుపట్టింది పాఠం ఒక పక్కకు ఒరిగిపోవడాన్ని, పిల్లను తప్పించడానికి పెట్టిన చిక్కుముళ్ళను. క్రైస్తవం గురించి తెలుసుకోవద్దని అనలేదు. నమ్మమనడం వేరు, తెలుసుకోమనడం వేరు. మా అల్లుడికీ అదే చెప్పాను. చర్చి మెట్లెక్కని వాణ్ణి నేనే చెబుతున్నాను.

ఆ దేశాల నుంచి మనం ఎరువు తెచ్చుకోవాల్సింది ఒకటుంది. స్వీడన్ బడుల్లో చేతిపని అందరికీ తప్పనిసరి. మగపిల్లాడు సూదీ దారం పట్టాలి, ఆడపిల్ల రంపం పట్టాలి. మన దగ్గర డ్రాయింగ్ పీరియడ్ టైంటేబుల్లో ఒక గడి, అంతే. పరీక్షలు దగ్గరపడగానే లెక్కల సారు దాన్ని మింగేస్తాడు. ఎవరూ అడగరు. తల్లిదండ్రులైతే సంతోషిస్తారు కూడా.

ఆ పీరియడ్ పోతే పోయేవి బొమ్మలొక్కటే కాదు. చేర్యాల నకాషీ పటాన్నే తీసుకోండి. కూనపులి వాళ్ళు పద్మశాలీల ఇళ్ళ ముందు ఆ పటం విప్పి, ఒక్కో బొమ్మ చూపిస్తూ మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళు. బొమ్మ కథకు, కథ వినేవాళ్ళకు. ఇప్పుడు నగరాల్లో ఆదివారం వర్క్‌షాప్ పెట్టి, పిల్లల చేతికి చేర్యాల మాస్కొకటిచ్చి, ఎర్రరంగు పూయించి, సెల్ఫీ తీసి పంపేస్తున్నారు. ఎవరి కథ అది, ఎవరు చెప్పేవారు, ఎవరు వినేవారు అని ఒక్క ముక్క ఉండదు. విస్కాన్సిన్ కాగితాన్ని చూసి నవ్వే హక్కు మనకు లేదు. వాళ్ళు కనీసం తప్పు అర్థమైనా చెబుతున్నారు.

మా మేనకోడలికి నా సలహా రాసి పంపాను. ఆ కాగితం చించెయ్. ఈ శనివారం పిల్లకు యోనా కథ చెప్పు, ఆ మరుసటి శనివారం మార్కండేయుడి కథ చెప్పు. రెంటికీ బొమ్మలు తనకి నచ్చినట్టు వేసుకోమను. టీచరు మార్కులు తగ్గిస్తే తగ్గించనీ.