పొయ్యిలోకి పాలిథిన్ కవరా?

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంత పల్లెల్లో పొయ్యి అంటించే పద్ధతి మారిపోయింది. రేషను కిరసనాయిలు లేని రోజులివి. గ్యాసు బండ వున్న ఇళ్లలో కూడా స్నానానికి నీళ్లు కాగేది కట్టెల పొయ్యి మీదనే. కట్టె పచ్చిదైతే నాలుగు పాలిథిన్ కవర్లు ఉండచుట్టి కింద పెట్టి అగ్గిపుల్ల గీస్తున్నారు. భగ్గున మండుతుంది, పని సులువవుతుంది. కాని ఆ నల్లటి పొగ పీల్చేది పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు, ఆమె పక్కన చలి కాచుకునే పసిబిడ్డ. ప్లాస్టిక్ మంటలో, అందునా పైపు ముక్కలు, పాత చెప్పులు తగలబెట్టినప్పుడు డయాక్సిన్ వంటి విషపదార్థాలు పుడతాయి. అవి పొగలో పోగా బూడిదలోనూ మిగులుతాయి. ఆ బూడిదతోనే అంట్లు తోముతున్నారు, మిగిలింది పెంటదిబ్బలో పోస్తున్నారు.

ఈ కవర్లన్నీ వచ్చేది వంటింటి సరుకులతోనే. వెనుక సంతకు పోయేవారు గుడ్డ సంచి, నూనె సీసా వెంట తీసుకుపోయేవారు. ఇప్పుడు చేతులూపుకుంటూ వెళ్లి చింతపండుకొక కవరు, పప్పుకొక కవరు, పచ్చిమిరపకాయలకొక కవరు తెచ్చుకుంటున్నారు. హోటళ్లలో సలసల కాగే సాంబారును, ఆఖరుకు టీని కూడా పల్చని కవర్లో పోసి ముడివేసి ఇస్తున్నారు. వేడి, పులుపు, నూనె తగిలితే ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి మరింతగా దిగుతాయి. మన సాంబారులో, మన పచ్చళ్లలో ఈ మూడింటికీ కొదవలేదు. ఆవకాయకు జాడీని మించిన పాత్ర లేదని మన పెద్దలకు ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పవలసిన పని లేకపోయింది. నేడు రంగు డబ్బాలు కడిగి పచ్చడి పెట్టే ఇళ్లున్నాయి, పురుగుమందు డబ్బాలో ఉప్పు పోసుకునే ఇళ్లు కూడా లేకపోలేదు. ఆ డబ్బాను ఎన్నిసార్లు కడిగినా విషం పోదు. 2022లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 22 మంది నెత్తురు పరీక్షించగా 17 మందిలో ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి.

నోరులేని పశువుల గతి ఇంకా దారుణం. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్లో పెట్టి ముడివేసి దిబ్బ మీదికి విసిరేస్తే, ముడి విప్పుకోలేని ఆవు, బర్రె కవరుతో సహా మింగుతాయి. అది అరగదు, బయటికి రాదు, పొట్టలో ఉండకట్టి మేత పోనివ్వదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వారు ఆవుల కడుపు కోసి కిలోల కొద్దీ ప్లాస్టిక్ వెలికి తీశారు. 2012లో సుప్రీంకోర్టుకు సైతం వెళ్లారు. ఒంగోలు గిత్తకు పేరుబడ్డ గడ్డ మీద గొడ్డుకు ఈ గతి పట్టడం సిగ్గుచేటు. తొక్కలను కుడితి తొట్టిలో వేయడానికి అయ్యే శ్రమ ఎంత?

చట్టం లేకపోలేదు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషేధం. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రానులకు తక్కువ మందం వున్న చేతి సంచులు కూడా నిషేధం. సంచి మీద తయారీదారు పేరు, మందం అచ్చువేసి వుండాలి. అవి లేని సంచి దొంగసరుకేనని గుర్తించాలి. అధికారులు ఏడాదికొకసారి చిల్లర కొట్టుపై పడి జరిమానా వేస్తే చాలదు, ఆ సరుకు లారీల్లో దిగే టోకు దుకాణాలను పట్టుకోవాలి. పెళ్లిళ్లకు మోదుగాకు విస్తర్లు కుట్టే చేతులు నల్లమల అంచు పల్లెల్లో ఇంకా వున్నాయి. వారికి పని చూపడం మన చేతిలోనే వుంది.

అయితే ఇల్లాలిని తప్పుపట్టి లాభం లేని ప్లాస్టిక్ ఒకటున్నది. అది నీళ్ల క్యాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు ప్రమాదకరం. ఈ ప్రాంతంలో అంతకు మించిన బోర్లు అనేకం. కాచినా ఫ్లోరైడు పోదు, కుండలో పోసినా పోదు. క్యాను మానేసి బోరు నీళ్లు తాగమనడం పాపమే అవుతుంది. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. కృష్ణ నీరు ఇంటి కొళాయిలో పడిన నాడు క్యాను దానంతట అదే పోతుంది. అందాకా క్యానును ఎండలో పెట్టకుండా, తెచ్చిన వెంటనే నీటిని స్టీలు బిందెలోకో, మట్టి కుండలోకో వంపుకోవడం మేలు.

ఇక చేరిన కవర్లను ఏం చేయాలన్నది మిగిలింది. చాలా పంచాయతీల్లో చెత్త నుంచి సంపద కేంద్రాల పేర షెడ్లు కట్టారు. వాటి తలుపులు తెరిపించి, వారానికొక రోజైనా ఇంటింటా కడిగి ఆరేసిన కవర్లను సేకరించే ఏర్పాటు పంచాయతీ కార్యదర్శులు వెంటనే చేయాలి. రానున్నది చలికాలమైనా వానాకాలమైనా పొయ్యి రాజుకోవడానికి కందికట్టె, ఎండు కొబ్బరిపీచు చాలు.