వృద్ధుల పళ్లెమునకు బియ్యము మాత్రమే చాలదు

గ్రామములలోని పేద వృద్ధుల ఆకలిని గూర్చి ప్రస్తావన వచ్చినపుడు బియ్యమును గూర్చియే మాటలాడుట పరిపాటి. బియ్యము చేరినచో బాధ్యత తీరినదని పలువురు తలంతురు. కాని కడుపు నిండుట వేఱు, దేహమునకు సత్తువ కలుగుట వేఱు. ఈ భేదమును గుర్తించి, వండిన పౌష్టికాహారమును వృద్ధులకు దినదినము అందించు ఏర్పాటు ప్రతి గ్రామమునను జరుగవలసియున్నది.

2011 జనగణన ప్రకారము మన దేశమున 60 ఏండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 40 లక్షల మంది. వారిలో నూటికి 71 మంది గ్రామవాసులు. వీరిలో అనేకులు కూలినాలి చేసి జీవించి, శక్తి ఉడిగిన పిదప ఆదాయము లేక మిగిలినవారు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రాధాన్య కుటుంబములలోని ప్రతి వ్యక్తికి నెలకు 5 కిలోల ధాన్యమును, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలను హక్కుగా నిర్ణయించినది. 2023 జనవరి నుండి ఈ ధాన్యము ఉచితముగా లభించుచున్నది. ఇది సామాన్యమైన మేలు కాదు. అయినను ఇందలి లెక్కను ఒకమారు పరిశీలింపవలెను.

నెలకు 5 కిలోలనగా దినమునకు సుమారు 165 గ్రాములు. అంత బియ్యమున లభించు మాంసకృత్తులు ఇంచుమించు 13 గ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణము ననుసరించి శరీరపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అనగా 50 కిలోల బరువు గల వ్యక్తికి 41 గ్రాములకు పైగా అవసరము. ఉచిత ధాన్యము వలన ఇందులో మూడవ వంతైనను పూర్తిగా తీరదు. తక్కినది పప్పు, పాలు, గ్రుడ్డు మున్నగువాని వలన రావలెను. వానిని కొనుటకు పైకము కావలెను. వృద్ధాప్య పింఛనులో కేంద్రము ఇచ్చు వాటా 79 ఏండ్ల వరకు నెలకు 200 రూపాయలు, 80 నిండినవారికి 500 రూపాయలు. రాష్ట్రములు తమ వంతు చేర్చుచున్నను అందులో కొంత మందులకే పోవును.

ఇంటి పరిస్థితి మఱియొకటి. పిల్లలు పనులకై పట్టణములకు వలసపోగా ఒంటరిగా మిగిలిన ముసలివారు ఒక్క ప్రాణికి రెండు పూటల పొయ్యి రాజవేయుటకు ఓపిక లేక, గంజియో, చద్దియన్నములో ఊరగాయయో తిని కాలము పుచ్చుదురు. దంతములు లేనివారు గట్టి పదార్థములను మానివేయుదురు. కుటుంబమున్న చోటను వృద్ధ వితంతువు తానే అందఱికంటె వెనుక, అందఱికంటె తక్కువ తినుట కలదు. కండ కరగి, నడక తడబడి, గాయము త్వరగా మానకున్నను, ‘వయసు మీరినది గదా’ యని చుట్టుపట్లవారు సరిపెట్టుకొందురు. ఈ నీరసములో కొంత వయసు వలన గాక తిండిలేమి వలన కలిగినదని గుర్తించువారు అరుదు.

వంటశాలలు గ్రామములలో లేకపోలేదు. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద అంగన్‌వాడీలు ఆఱేండ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఆహారము నిచ్చుచున్నవి. పాఠశాలలో మధ్యాహ్న భోజనము వండుచున్నారు. వృద్ధులకు మాత్రము ఈ రెండు చోట్లను సాధారణముగా స్థానము లేదు. తమిళనాడు ప్రభుత్వము 1982లో పిల్లలకై విస్తరించిన మధ్యాహ్న భోజన పథకములో 1983 నుండి వృద్ధాప్య పింఛనుదారులను గూడ చేర్చినది. పిల్లలకు అన్నము వండు పొయ్యి మీదనే పెద్దలకును వండవచ్చునని దీనివలన తేటపడుచున్నది.

వ్యయము పెరుగునని కొంద ఱనవచ్చును. పెరుగుట నిజమే. కాని క్రొత్త భవనము అక్కఱలేదు. పప్పు, కూర, గ్రుడ్డు, వంటవారికి అదనపు వేతనము చాలును. పిల్లల వంతు తగ్గించి పెద్దలకు పెట్టుట మాత్రము కూడదు. దీనికి వేఱుగా నిధి ఉండవలెను. పదిమందిలో తినుటకు అభిమానపడువారుందురని మఱియొక సందేహము. భిక్షగా గాక హక్కుగా, ఆదరముతో పిలిచి వడ్డించినచో ఆ సంకోచము తగ్గును. కదలలేనివారికి మహిళా సంఘముల ద్వారా ఇంటికే పంపవచ్చును.

ఈలోపున కుటుంబములు చేయదగినదియు కలదు. మెత్తగా ఉడికిన పెసరపప్పు, మునగాకు, మజ్జిగ, గ్రుడ్డు తినువారికి గ్రుడ్డు వీలైనంత వఱకు సమకూర్పవలెను. నూఱు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు గనుక రాగి అంబలి ఎముకలకు మేలు. ఒకేసారి ఎక్కువ తినలేనివారికి కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టవలెను. మధుమేహము, మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని సలహా పొందవలెను.

ప్రతి పంచాయతీయు రాబోవు గ్రామసభలోనే తమ ఊరిలో ఒంటరిగా తినుచున్న వృద్ధు లెందఱో, ఒక పూటతో సరిపెట్టుకొనుచున్నవా రెందఱో లెక్కించి వ్రాసికొనవలెను. ఆ పట్టిక సిద్ధమైననాడు ఎందఱికి వండవలెనో తెలియును. నిధి కోరుటకును, అన్నము పెట్టుటకును అదియే తొలిమెట్టు.