కరోల్ బాగ్‌లో ఒక గది

1997 జనవరి 1న ఢిల్లీ మండీ హౌస్ దగ్గర సఫ్దర్ హాష్మీ స్మృతి సభ జరిగింది. అంతకు ఎనిమిదేళ్ల కిందట సరిగ్గా ఆ రోజునే, ఢిల్లీని ఆనుకుని ఉన్న సాహిబాబాద్‌లో, ఝండాపూర్ అనే కార్మికవాడలో వీధినాటకం ఆడుతున్న హాష్మీ మీద దాడి చేశారు. మర్నాడు ఆయన కన్నుమూశాడు. ఆయన పేరున పుట్టిన సహమత్ సంస్థ ఏటా జనవరి ఒకటిన కళాకారుల్ని పిలుస్తుంది. ఆ ఏడు వేదికెక్కిన వాళ్లలో ఇండియన్ ఓషన్ అనే నలుగురి బ్యాండు ఉంది. ఒక గిటారు, ఒక బేస్ గిటారు, డ్రమ్స్, తబలా. ఆ కచేరీని రికార్డు చేశారు. ఆ రికార్డింగే 'డెజర్ట్ రెయిన్' పేరుతో వాళ్ల రెండో ఆల్బం అయింది. దాన్ని ఏ కంపెనీ వెయ్యలేదు, వాళ్లే వేసుకున్నారు.

అదే 1997లో ఇంగ్లండులో రేడియోహెడ్ బ్యాండు 'ఓకే కంప్యూటర్' విడుదల చేసింది. బాత్ నగరం దగ్గర ఒక పాతకాలపు మహలులో సామాను దించుకుని, అందులో చాలా భాగం తాపీగా రికార్డు చేసుకున్నారు. ఈ రెండు బ్యాండ్ల తొలి ఆల్బంలూ 1993లోనే వచ్చాయి. రేడియోహెడ్‌ది ఇఎంఐ వేసింది. ఇండియన్ ఓషన్‌ది, ఒకప్పుడు అదే ఇఎంఐ కుటుంబంలో ఉన్న మన హెచ్‌ఎంవీ వేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి ఒకరికి మహలు, ఇంకొకరికి చలికాలపు సంస్మరణ సభ. ఎవరు గొప్ప అని అడగడానికి ఈ పోలిక తేలేదు. బ్యాండు అనేది దేన్ని తిని పెరుగుతుందో తెలుసుకోవడానికి తెచ్చాను.

రేడియోహెడ్ కథ మొదట్లోకి వెళ్తే అక్కడ కంపెనీ కనబడదు, బడి కనబడుతుంది. 1985లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ స్కూలులో చదువుకుంటున్న అయిదుగురు కుర్రాళ్లు ప్రతి శుక్రవారం బడి సంగీతం గదిలో చేరేవాళ్లు. అందుకే బ్యాండుకు మొదట 'ఆన్ ఎ ఫ్రైడే' అని పేరు పెట్టుకున్నారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో జెరికో టావెర్న్ అనే పబ్బులో వాయించారు. చదువుల కోసం తలో ఊరికీ చెదిరిపోయి, సెలవుల్లో కలుసుకుంటూ 1991 దాకా నెట్టుకొచ్చారు. ఆ ఏడాది చివర ఇఎంఐ ఒప్పందం, కొత్త పేరు. అప్పటికి ఆరేళ్లు గడిచాయి. ఆ ఆరేళ్లూ వాళ్లను నిలబెట్టింది ఒక బడి గది, ఒక పబ్బు వేదిక.

ఢిల్లీలో అలాంటి ఆసరా ఎవరిచ్చారు? 1990లో సుస్మిత్ సేన్ గిటారూ, అసీమ్ చక్రవర్తి తబలా కలిసి ఇండియన్ ఓషన్ అయ్యాయి. ఇద్దరికీ 1984 నుంచీ స్నేహం. అసీమ్ తబలా వాయిస్తూనే పాడేవాడు. తబలాకు కూర్చున్న మనిషే ప్రధాన గాయకుడు కావడం కచేరీల్లో అరుదు, రాక్ బ్యాండులో ఇంకా అరుదు. 1991లో రాహుల్ రామ్ బేస్ గిటారుతో వచ్చి చేరాడు. అతను అమెరికా కార్నెల్‌లో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేటు చేసి, తిరిగొచ్చి నర్మదా బచావో ఉద్యమంలో పనిచేసిన మనిషి. 1994లో అమిత్ కిలామ్ డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ నలుగురూ విడిపోలేదు.

కరోల్ బాగ్‌లో ఖజూర్ రోడ్డు మీద 16/330 నంబరు పాత ఇంట్లో వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేశారు. ఢిల్లీ తెలుగువాళ్లకు కరోల్ బాగ్ అంటే చీరల దుకాణాలు, సివిల్స్ కోచింగుకు వచ్చిన పిల్లల అద్దె గదులు, ఇడ్లీ హోటళ్లు గుర్తొస్తాయి. ఆ సందడి మధ్యనే ఒక పాత బంగళాలో ఈ సంగీతం తయారైందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. వాళ్లు మాత్రం మరిచిపోలేదు. 2010లో తెచ్చిన ఆల్బంకు ఆ ఇంటి చిరునామానే పేరుగా పెట్టారు. పాటల్ని నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చారు. 2009 డిసెంబరులో చనిపోయిన అసీమ్ గొంతు ఆ ఆల్బంలో ఉంది.

అలా ఏళ్లకేళ్లు ఒకే గదిలో కూర్చున్నందుకు ఏం దక్కిందో 2000లో వచ్చిన 'కందీసా' వింటే తెలుస్తుంది. నాకు మన దేశపు రాక్ ఆల్బంలన్నిటిలోకీ అదే ఇష్టం. ఆ పేరున్న పాట సిరియన్ క్రైస్తవుల ప్రాచీన అరమాయిక్ ప్రార్థన, కేరళ చర్చిల్లో వినిపించేది. 'మా రేవా' నర్మదా లోయ జనం పాట, రాహుల్ రామ్ ఉద్యమంలోంచి తెచ్చింది. 'హిల్లే రే'కు మూలం గోరఖ్ పాండే కవిత. జేఎన్‌యూలో బతికి, రాసి, 1989లో చనిపోయిన విప్లవ కవి ఆయన. చర్చి, నది, విశ్వవిద్యాలయం, మూడూ ఒక ఆల్బంలో ఇమిడిపోయాయి. బలవంతంగా అతికించినట్టు ఎక్కడా అనిపించదు. అలా అనిపించకపోవడానికే పదేళ్లు పట్టింది. 1990లోనే ఈ మూడు దినుసులూ ఇచ్చి ఆరు నెలల్లో ఆల్బం తెమ్మని ఏ కంపెనీ అయినా అడిగి ఉంటే, అతుకులన్నీ బయటపడేవి.

ఇంగ్లిషులో పాడిన ఢిల్లీ బ్యాండు పరిక్రమ దారి వేరు. 1991 జూన్ 17న పుట్టింది. సుబీర్ మలిక్ కీబోర్డు, నితిన్ మలిక్ గొంతు, సోనమ్ షేర్పా గిటారు. కళాశాలల వార్షికోత్సవాలే వాళ్ల రాజ్యం. ఢిల్లీలో హిందూ కాలేజీ 'మెక్కా', శ్రీరామ్ కాలేజీ 'క్రాస్‌రోడ్స్', ఐఐటీ 'రాండెవూ', ఎయిమ్స్ 'పల్స్' లాంటి ఫెస్టులు ఉండేవి. ఒక్క ఊళ్లో అన్ని వేదికలు, ప్రతి ఏడూ కొత్త బ్యాచి శ్రోతలు. అక్కడి కుర్రాళ్లకు పింక్ ఫ్లాయిడ్, హెండ్రిక్స్ పాటలు కావాలి. పరిక్రమ అవీ పాడింది, మధ్యలో తన పాటలూ పెట్టింది. వాటిలో పేరు తెచ్చుకున్న 'బట్ ఇట్ రెయిన్డ్' కశ్మీర్ లోయలో జరిగిన అపహరణల నుంచి పుట్టిన పాట. ఇంగ్లిషులో పాడితే అరువు సంగీతమని కొట్టిపారేసే వాళ్లకు నేను ఆ పాట గుర్తుచేస్తాను. ఇంగ్లిషు ఆ పిల్లల తరగతి గది భాష, క్యాంటీన్ భాష. వాళ్లు తమ దేశపు బాధను తమకు చేతనైన భాషలో పాడారు. ఆ పాటలో నాకు అరువు ఏమీ వినిపించదు.

పరిక్రమ ఆల్బంల వ్యాపారం జోలికే పోలేదు. పాటల్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టి, కచేరీల మీదే బతికింది. 2007లో బెంగళూరులో ఐరన్ మెయిడెన్‌కు ముందు వాయించింది. అదే ఏడాది ఇంగ్లండులో డౌన్‌లోడ్ ఫెస్టివల్ దాకా వెళ్లింది. అప్పటికి బ్యాండు వయసు పదహారేళ్లు. సోనమ్ షేర్పా 2020 ఫిబ్రవరిలో చనిపోయాడు. బ్యాండు మాత్రం ఆగలేదు.

ఈ వేదికల్ని ఒక దారంతో కుట్టిన మనిషి ఇంకొకడున్నాడు. అమిత్ సైగల్ 1993లో అలహాబాదు నుంచి 'రాక్ స్ట్రీట్ జర్నల్' అనే పత్రిక మొదలుపెట్టాడు. తర్వాత 'గ్రేట్ ఇండియన్ రాక్' ఉత్సవాలు నడిపాడు. ఎక్కడో చిన్న ఊళ్లో కలకత్తా తయారీ గివ్‌సన్ గిటారు పట్టుకున్న కుర్రాడికి, నీలాంటివాళ్లు ఇంకా ఉన్నారని చెప్పిన పత్రిక అది.

ఇప్పుడు ఇంటర్నెట్ వచ్చింది, గదీ వేదికా దేనికి, ఫోన్ చాలదా అని అడుగుతారు. ఢిల్లీనుంచే ఇంకో బ్యాండు చూపిస్తాను. 2009లో సూర్యకాంత్ సాహ్నీ మొదలుపెట్టిన పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ పూర్తిగా ఇంటర్నెట్ కాలపు బ్యాండు. పాటలు తామే పెట్టుకున్నారు. జాజ్, పాత హిందీ సినిమా వాద్యబృందాల ఛాయ, ఇంగ్లిషు మాటలు, ఇవన్నీ కలిసిన ఆ సంగీతానికి ఏ పేరూ సరిగా అతకదు. ప్రపంచం దృష్టిని బాగా లాగిన 'బిస్మిల్లా' ఆల్బం వచ్చింది 2019లో. మళ్లీ పదేళ్లే. వినేవాళ్లను చేరడం సులువైంది గానీ, నలుగురు మనుషులు ఒకరి చెయ్యి ఒకరికి తెలిసేలా వాయించడానికి పట్టే కాలం ఏమాత్రం తగ్గలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగు నేల మీద వాయించేవాళ్లకు కొదవ ఏనాడూ లేదు. శ్రీరామనవమి పందిళ్లలో, వినాయక చవితి మండపాల దగ్గర ఆర్కెస్ట్రాలు రాత్రంతా వాయించేవి. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి ఆర్కెస్ట్రాల్లో అద్భుతమైన కీబోర్డు కళాకారులు, పాట ఒక్కసారి వింటే ప్యాడ్స్ మీద పలికించే వాళ్లు ఉండేవారు. అయితే వాళ్లను పిలిచింది సినిమా పాటకే. ఉన్నది ఉన్నట్టు దింపితే చప్పట్లు, కాస్త మారిస్తే ఈలలు. సొంత పాట పాడమని వాళ్లను అడిగినవాళ్లు లేరు. రెండో పక్క ప్రజానాట్యమండలి, జననాట్యమండలి, గద్దర్, వంగపండు. డప్పు మీద పుట్టిన ఆ పాటల నిధి ఎంతటిదో మనకు తెలుసు. గోరఖ్ పాండే మాట ఖజూర్ రోడ్డు గిటారును కలుసుకున్నట్టు, ఆ డప్పు పాట మన కాలేజీ కుర్రాడి గిటారును తీరిగ్గా కలుసుకునే చోటు మన ఊళ్లలో లేకపోయింది. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించే నష్టం ఇదే.

కొందరు గట్టిగా ప్రయత్నించారు. హైదరాబాద్ 'చౌరస్తా' బ్యాండు తెలుగులో సొంత పాటలు కట్టి లక్షలమందిని చేరింది. అందులో గుర్తింపు పొందిన రామ్ మిరియాలను సినిమా పిలిచింది. 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాటతో అతని గొంతు ఇంటింటికీ వెళ్లింది. అతన్ని తప్పుపట్టను, ఇంకా ఎదగాలని కోరుకుంటాను. నా ఫిర్యాదు మన ఏర్పాటు మీద. బాగా పాడేవాడికి ఇక్కడ ఒక్కటే తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు లోపల ఒక్కడికే చోటు, తోటి ముగ్గురికి లేదు. ఢిల్లీకి హిందీ సినిమా పద్నాలుగు వందల కిలోమీటర్ల దూరాన ఉండటం ఇండియన్ ఓషన్‌కు మేలు చేసిందని నా నమ్మకం. 2004లో అనురాగ్ కశ్యప్ 'బ్లాక్ ఫ్రైడే'కు సంగీతం చేసే నాటికి వాళ్లు పద్నాలుగేళ్ల బ్యాండు, అందుకే బ్యాండుగానే సినిమాలోకి వెళ్లారు. మనకు ఫిలింనగర్ నాలుగు సిగ్నళ్ల దూరంలో ఉంది.

హైదరాబాద్‌లో 2010 నుంచి లామకాన్ ఉంది. ఎవరికైనా వేదిక ఇచ్చే ఆ ప్రాంగణం ఎంతోమంది కొత్తవాళ్లకు మొదటి మెట్టు. అలాంటివి విశాఖలో, వరంగల్‌లో, తిరుపతిలో ఎందుకు ఉండకూడదు? కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. వరంగల్ ఎన్‌ఐటీకి 'స్ప్రింగ్ స్ప్రీ', హైదరాబాద్ ఐఐటీకి 'ఎలాన్', హైదరాబాద్ బిట్స్‌కు 'పర్ల్' ఉన్నాయి. వందల ఇంజనీరింగ్ కాలేజీలకు వార్షికోత్సవాలున్నాయి. చివరి రాత్రి సినిమా గాయకుడికి పెద్ద మొత్తం పెట్టడం ఆనవాయితీ అయింది. పెట్టండి. దానికి ముందు ఒక గంట, మీ కాలేజీ బ్యాండుకో పక్క కాలేజీ బ్యాండుకో ఇవ్వండి. సొంత పాటలే పాడాలని షరతు పెట్టండి, అదే సౌండు సిస్టం, అదే లైట్లు ఇవ్వండి. సినిమా గాయకుడి పారితోషికంలో పదో వంతయినా వాళ్లకు చెల్లించండి. ఇక మిగతా ఏడాది కోసం ప్రిన్సిపాళ్లకు ఒక విన్నపం: సాయంత్రం అయిదు దాటాక సంగీతం గదికి తాళం వెయ్యకండి. గది లేని కాలేజీలో ఏదో ఒక పాత ల్యాబు ఖాళీగా ఉంటుంది. తాళం చెవి ఆ పిల్లల చేతికివ్వండి, కరెంటు బిల్లు కాలేజీ ఖాతాలో రాసుకోండి.